వరండాలో కూర్చున్న సుంకరి

మద్యం మానిపించే కేంద్రాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన నర్సు దగ్గర ఏవో చిట్కాలు ఉంటాయని వాళ్ల ఆశ. టీ తాగడం అయ్యాక అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. "మేడమ్, మీ సర్వీసులో ఎంతమందిని మార్చారు?" మారినవాళ్లు నాకు పెద్దగా గుర్తు లేరు. మారామని చెప్పి మళ్లీ వెళ్లి తాగినవాళ్లు బాగా గుర్తున్నారు. వాళ్లలో ఒకావిడ గురించి నేను దాదాపు ఏడాది పాటు ప్రసంగాలు చేశాను. ప్రసంగాలు బాగానే ఉండేవి. ఒక్క చిక్కేమిటంటే, వాటిలో ఆవిడ గురించి నేను చెప్పింది ఒక్కటీ నిజం కాదు.

మా కేంద్రం ఒడిశా బరంపురంలో, గోసాని నువాగాం పేటలో ఉండేది. రెండు గదులు, ముందు పొడవాటి వరండా, పాత పెయింటు డబ్బాల్లో మందార మొక్కలు. మా చర్చి పెద్దలు కొందరు కలిసి నడిపేవారు. వాళ్లందరికీ పైన ఉన్నాయన రిటైరైన హెడ్మాస్టరు, మాకు పెద్దాయన. నేను ప్రసంగీకుడి కూతుర్ని, ఆదివార బడిలో పెరిగినదాన్ని. ఏ రోగికి ఏ మాత్ర ఇవ్వాలో డాక్టరు చెప్పాలి గానీ, ఏ రోగికి బైబిల్లోని ఏ వాక్యభాగం సరిపోతుందో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదని నా నమ్మకం.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. ఎవరి దేవుడి పటం వాళ్లు తెచ్చి తగిలించుకోవచ్చని పెద్దాయన అనుమతి ఇచ్చారు. అందుకని మా ప్రార్థన గదిలో ఒక గోడకు సిలువ, మిగతా గోడలకు జగన్నాథుడు, రకరకాల అమ్మవార్లు ఉండేవారు. తాగనని ఒట్టు కూడా ఎవరి దేవుడి మీద వాళ్లే వేయాలి. చేపలు పట్టే పల్లెకారులు గంగమ్మ మీద, అంటే సముద్రం మీద తప్ప ఇంక దేని మీద ఒట్టు వేసినా అది ఒట్టే కాదంటారు. అందుకని సముద్రం ఒడ్డున ఉన్న సోనేపూర్ నుంచి ఎవరో ఒక సీసాలో సముద్రపు నీళ్లు తెచ్చి ఇచ్చారు. అది బ్రాందీ సీసా. నేను అభ్యంతరం చెప్పాను. "పాత్రను చూడకమ్మా, లోపల ఉన్నది చూడు" అన్నారు పెద్దాయన. సీసాను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒట్టు వేసేవాళ్ల అరచేతిలో ఒక్క చుక్క పోసేవారు.

ఆవిడ వచ్చింది ఒక గురువారం, ప్రార్థన మొదలుపెట్టబోతుండగా. తాగే ఆడవాళ్లు మా దగ్గరికి నేరుగా వచ్చేవాళ్లు కాదు. కడుపునొప్పి అనో నిద్ర పట్టడం లేదనో వచ్చేవాళ్లు, మొగుణ్ణి చూడటానికి వచ్చామని కూడా చెప్పేవాళ్లు. ఈవిడ షేర్ ఆటో దిగి, చేపల గంప గుమ్మంలో దింపి, రేషన్ షాపులో అడిగినట్టు అడిగింది.

"ఏమ్మా, తాగుడు మానిపించీది ఇక్కడేనా?"

"ఇక్కడే. ఎవరికి?"

"మరెవులికి? నాకే. బేగి మానిపించీమీ, రెండు గంటల ఆటోకి ఎల్లిపోవాల."

నలభై దాటిన మనిషి. సోనేపూర్‌లో ఎండుచేపల పని చేసే ఆడవాళ్ల సంఘంలో ఉంది. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే చేపల గంపలకు వేలం పాట జరుగుతుంది. సంఘం తరఫున పాట పాడేది ఈవిడే. ఎదుటివాడి ముఖం చూసి ఎక్కడ ఆగాలో పట్టేయడంలో ఆవిడకు సాటి లేదట. కానీ తాగుడు ఎక్కువైంది. సంఘం ఆడవాళ్లు ఒక మాట ఖాయం చేశారు: కేంద్రంలో పేరు ఉన్నన్నాళ్లు పాట నీది, పేరు తీసేస్తే నీ తోటికోడలిది. ఆవిడకు పాట పోవడమంటే ఊపిరి పోవడమే. ఆ మాట మూడుసార్లు చెప్పి నాలుగోసారి మొదలుపెట్టి, మధ్యలో లేచి వెళ్లి మా మందార మొక్కలకు నీళ్లు పోసి వచ్చింది.

ఆవిడ అంతే. ఒక పని సగంలో ఉండగా ఇంకో పని కనిపించేది. టీ పెడతానని స్టవ్ వెలిగించి, పాలు తేవడానికి బజారుకు పోయి, దారిలో ఎవరికో చేపలు బేరం చేసి, పాలు లేకుండా తిరిగి వచ్చేది. మా కేంద్రంలో ఆవిడ మరిచిపోయిన గొడుగులు ఒక మూల పేర్చి ఉండేవి. ఒకసారి ఒంటి చెప్పుతో ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఎందుకు తాగుతావని అడిగితే మగవాళ్లందరూ ఒళ్లు నొప్పులు అంటారు. ఆవిడ వేరే మాట చెప్పింది.

"నా బుర్రలో పాటగాడొకడు ఉన్నాడు సిస్టరమ్మా. రేవులో పాట అయిపోద్ది గానీ ఈడి పాట అవదు. ఇది సెయ్యి, అది సెయ్యి, అల్లది మర్సిపోనావు, ఇదిగో ఇంకోటి అని ఒకటే అరుపు. ఒక్క గళాసు ఏసినానంటే ఆడు కూకుంటాడు. రెండేస్తే తొంగుంటాడు."

ఆ మాటను ఎవరైనా డాక్టరు విని ఉంటే చెవులు నిక్కబొడుచుకునేవాడు. నేను మాత్రం ఇది అంతరాత్మ గద్దింపు అని నిర్ణయించి, ఆ గద్దింపును సారాతో ఆర్పకూడదని బోధించాను. ఆవిడ శ్రద్ధగా విని, అరచేతిలో గంగమ్మ చుక్క పోయించుకుని, ఒట్టు వేసి, గొడుగు మరిచిపోయి వెళ్లింది.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత పడింది, అంటే మళ్లీ తాగింది. దాచలేదు, తనే వచ్చి చెప్పింది. ఆ గురువారం ప్రార్థనకు అందరూ లోపలికి వచ్చారు గానీ ఆవిడ రాలేదు. వరండా చివర, మందార డబ్బా పక్కన, తల వంచుకుని చాప మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

నాకు గుండె నిండిపోయింది. చిన్నప్పటి నుంచీ విన్న కథ కళ్ల ముందు కూర్చుని ఉంది. ఇద్దరు మనుషులు దేవాలయానికి ప్రార్థన చేయడానికి వెళ్తారు. ఒకడు ముందు నిలబడి తన మంచితనమంతా దేవుడికి ఏకరువు పెడతాడు. రెండోవాడు సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, ఊరందరూ ఛీ కొట్టేవాడు. వాడు దూరంగా నిలబడి, తల ఎత్తడానికి కూడా సిగ్గుపడి, పాపిని, కరుణించు అంటాడు. దేవుడు వాడి ప్రార్థనే వింటాడు. నేను వరండా వైపు చేయి చూపిస్తూ ఆ కథ చెప్పాను. "ఆమెను చూడండి. దేవుడి గదిలో అడుగు పెట్టడానికి అర్హత లేదని తనే బయట కూర్చుంది. అదీ పశ్చాత్తాపమంటే." పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత మళ్లీ పడింది. మళ్లీ వరండా, మళ్లీ సుంకరి. ఆ కథను నేను కొత్త కొత్త కోణాల్లో చెప్పడం మొదలుపెట్టాను. దాని ఫలితం కూడా కనిపించింది. తాగి వచ్చిన ఒక లారీ డ్రైవరు, తిట్లు తప్పించుకోవడానికి, తనూ వెళ్లి వరండాలో తల వంచుకుని కూర్చున్నాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు. ఒక గురువారం వరండా నిండా సుంకరులే. లోపల జగన్నాథుడు, అమ్మవార్లు, పెద్దాయన, నేను.

"బయట ఫ్యాన్ అక్కర్లేదు సిస్టర్, గాలి బాగా ఒస్తంది" అన్నాడు డ్రైవరు, పశ్చాత్తాపంతో.

పెద్దాయన నియమం ఒకటి ఉండేది. ఏడుసార్లు క్షమించడం, ఆ పైన పేరు తీసేయడం. ఏడు అన్న అంకె ఎక్కడి నుంచి తెచ్చారో నాకు తెలుసు. ఏడుసార్లు క్షమిస్తే చాలా అని శిష్యుడు అడిగే చోటు నుంచి. పెద్దాయన ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు, కింద ఉన్న 'ఏడు కాదు, ఏడు డెబ్బైలు' అన్న జవాబు దాకా వెళ్లలేదు. ఆ సంగతి ఒకసారి గుర్తు చేస్తే, "అంతదాకా పోతే సీసాలో నీళ్లు చాలవమ్మా" అన్నారు.

ఆవిడ ఏడూ వాడేసింది. ఎనిమిదోసారి పడి వచ్చిన రోజు సంఘం ఆడవాళ్లు కూడా వెంట వచ్చారు. ముందు నిలబడింది తోటికోడలు. వరండాలోనే పంచాయితీ. అప్పటికి కొన్నాళ్ల ముందే మా దగ్గరికి వారానికోసారి వచ్చి చూసే కొత్త డాక్టరమ్మ కుదిరింది. మానసిక వైద్యం చదివిన పిల్ల, బరంపురం తెలుగు షావుకార్ల ఇంటి అమ్మాయి. కుర్చీ లేక మెట్ల మీద కూర్చుంది.

పెద్దాయన సీసా తెచ్చి అందరికీ చూపించి, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశారు. అంటే ఇక ఒట్టు లేదని. ఆవిడ ఎప్పటిలాగే చాప మీద కూర్చుని, కొంగు అంచు నోట్లో కుక్కుకుంది. మొదటిసారి ఆవిడ కదలకుండా కూర్చోవడం చూశాను.

"మరింకేటి, రేపుట్నుంచి పాట నాది" అంది తోటికోడలు. గెలిచిన సంతోషం ఆ గొంతులో అంతగా లేదు.

నేను లేచాను. "అయ్యా, ఆమె పశ్చాత్తాపాన్ని చూడండి. పడిన ప్రతిసారీ ఇదిగో ఇక్కడే, ఆ సుంకరిలాగా..."

"సిస్టరమ్మా!" ఆవిడ కొంగు నోట్లోంచి తీసి అరిచింది. "ఏడాది నుంచీ ఇంటన్నాను, సుంకరోడు సుంకరోడని. ఎవులా సుంకరోడు? నానేటి ఆడికి బాకీ పడ్డానా? నాకు ముట్టయి బయట కూకున్నాను! దేవుడు పటాలున్న గదిలోకి ఎలాగొత్తానమ్మా?"

సుంకరులందరూ ఒక్కసారిగా మందార మొక్కల్ని పరిశీలించడం మొదలుపెట్టారు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకోవడం మరిచిపోయారు. ముందు నవ్వింది తోటికోడలు. "ఓలమ్మా! ఇన్నాళ్లూ ముట్టు మీద పెసంగం సెప్పినావా సిస్టరమ్మా!" దాంతో ఆడవాళ్లందరూ నవ్వారు. నేను మెల్లగా మళ్లీ కూర్చున్నాను.

నవ్వనిది డాక్టరమ్మ ఒక్కతే. మెట్ల మీంచి లేచి వచ్చి ఆవిడ చాప అంచున కూర్చుంది.

"అమ్మా, తాగిన తర్వాత ప్రతిసారీ ముట్టు వస్తోందా?"

"మరి? ముందు బుర్రలో గోల. ఆ మీదట గళాసు. ఆ మీదట ముట్టు."

"ప్రతి నెలా టైముకేనా?"

"టైమేటి? ఒకప్పుడు సెందమామలాగ వచ్చీది. ఇప్పుడు ఓసారి బేగొచ్చేస్తాది, ఓసారి రానే రాదు. వయసు మల్లతంది గదా."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "సిస్టర్, ఆవిడ వరండాలో కూర్చున్నది ఎప్పుడెప్పుడో మీకు గుర్తుందా?"

నాకే కాదు, అందరికీ గుర్తుంది. సుంకరి ప్రసంగం చేసిన గురువారాలన్నీ అవే. ఆవిడ పడటం, నా ప్రసంగం, ఒక్కసారి కూడా తప్పలేదని లారీ డ్రైవరే సాక్ష్యం చెప్పాడు. నా బోధ అలాగైనా వైద్యానికి పనికొచ్చింది.

తర్వాత డాక్టరమ్మ ఆవిడ చిన్న వయసులో ఎలా ఉండేదో అడిగింది. జవాబులన్నీ తోటికోడలే చెప్పింది. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో అన్నం పొయ్యి మీద పెట్టి పడవ చూడటానికి పోయేదని, అన్నం మాడేదని, అత్త కుదురు లేని ఆడగుంట అని తిట్టేదని, ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా మొదట పరిగెత్తేది మాత్రం ఇదేనని.

"కొందరి బుర్ర పుట్టుకతోనే ఒక పని మీద నిలవదు" అంది డాక్టరమ్మ. "దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. మగపిల్లాడైతే బడిలో గెంతుతాడు, మాస్టారు కనిపెట్టేస్తారు. ఆడపిల్లయితే కుదురు లేనిదని తిట్టి వదిలేస్తారు. ఈస్ట్రోజెన్ అని ఆడవాళ్ల ఒంట్లో ఒక హార్మోను ఉంటుంది. అది ఆ బుర్రకి కొంచెం ఆసరా. ముట్టుకి ముందు అది పడిపోతుంది. అప్పుడు లోపలి గోల పెరుగుతుంది, ఆ గోల నొక్కడానికి గ్లాసు. నలభై దాటాక ఆ హార్మోను ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు పడుతుందో తెలియదు. అందరు ఆడవాళ్లకీ ఇలాగే ఉంటుందని నేను అనను. ఈవిడ విషయంలో కూడా ఇంకా పరీక్ష చెయ్యాలి. కానీ నాకు అనుమానం గట్టిగా ఉంది."

ఆవిడ చాప మీద ముందుకు జరిగింది. "అంటే ఆ వారంలో పాటగాడు గొంతు పెంచుతాడు. ఆసరా ఉన్నామె సెలవెట్టి పోద్ది. అంతేనా?"

"అంతే."

"మరి ఈ ముక్క నాకు పదారేళ్లప్పుడే సెప్పొచ్చు గదా!"

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. ఆయనకు హార్మోను అన్న మాట ఆడవాళ్ల ముందు వినడమే కష్టంగా ఉంది. "డాక్టరమ్మా, నువ్వు చెప్పింది కాదనను. కానీ నియమం నియమమే. ఏడు అయిపోయాయి."

అప్పుడు నాకు దారి కనిపించింది. వాక్యంతో వచ్చిన మనిషిని వాక్యంతోనే ఎదుర్కోవాలి. "అయ్యా, నేను ఏడాదంతా తప్పు కథ చెప్పాను. సరైన కథ అదే పుస్తకంలో కొన్ని పేజీల ముందే ఉంది. ఏళ్ల తరబడి రక్తస్రావంతో ఉన్న స్త్రీ. ఆమె ఎవరినీ తాకకూడదు, ఎవరూ ఆమెను తాకకూడదు. జనంలో దూరి వెనక నుంచి వచ్చి యేసు వస్త్రపు చెంగు పట్టుకుంది. ఆయన ఏం చేశాడు? బయట కూర్చోమన్నాడా?"

పెద్దాయనకు ఆ భాగం నాకంటే బాగా వచ్చు. "కుమారీ అని పిలిచాడు" అన్నారు చివరికి, పిల్లలకు పాఠం అప్పజెబుతున్నట్టు. లోపలికి వెళ్లి బీరువా తాళం తీశారు. సీసా తెచ్చి, కొంచెం సందేహించి, అరచేతిలో చుక్క పోశారు. ఈసారి చుక్క కాస్త పెద్దదే.

తోటికోడలు మాత్రం తేలిగ్గా వదల్లేదు. "కేంద్రం పేరు ఉంచింది, సరే. మరి సంఘం సంగతేటి? ఈసారి ఆ పాడు వారం రానీ. ఆ వారంలో తాక్కుండా పాట పాడితే పాట దానిదే. లేపోతే నాదే." సంఘం తలలూపింది. "కానీ ఆ వారం నాను దీని పక్కనే నిలబడతాను" అని చేర్చింది. ఎందుకని అడిగితే, "గిల్లడానికి" అంది.

డాక్టరమ్మ పరీక్షలు చేసి మాత్రలు రాసింది. మాత్రలు మంత్రం కావని, వాటితో పాటు సారా పనికిరాదని, వారం ముందు నుంచే జాగ్రత్త పడాలని తోటికోడలికి కూడా చెప్పింది. ఇద్దరూ సారా కొట్టు లేని దారిన ఇంటికి పోవాలని నిర్ణయం. ఆ దారి బురద.

పాడు వారం వచ్చిందని తోటికోడలే ఫోన్ చేసింది. "ఒచ్చేసింది సిస్టరమ్మా. పొద్దున నాతో రెండుసార్లు దెబ్బలాడింది. రేపు పాటకి రండి." నేను, డాక్టరమ్మ తెల్లారేసరికి సోనేపూర్ రేవులో ఉన్నాం. నేను దారంతా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. డాక్టరమ్మ దారంతా నిద్రపోయింది.

పడవలు వచ్చాయి. ఆ రోజు కానాగంత చేపలు బాగా పడ్డాయి, గంపలు ఒడ్డునంతా వరసగా ఉన్నాయి. కొనేవాళ్లూ ఎక్కువమందే. ఆవిడ కళ్లు ఒకచోట నిలవడం లేదు, వేళ్లు కొంగును చుడుతూనే ఉన్నాయి. పాట మొదలైంది. రెండుసార్లు బాగా పాడింది. మూడోసారి చూపు ఎటో పోయింది. ఎవరో పిల్ల ఏడుస్తోందని అటు కదలబోయింది. తోటికోడలు నడుం దగ్గర గిల్లింది. "ఓలమ్మో!" అని అరిచిన అరుపు పాటలోకి వెళ్లిపోయింది. అవతల వ్యాపారి అదేదో కొత్త ఎత్తు అనుకుని బెదిరి ఆగిపోయాడు. గంపలు సంఘానివి.

అసలు పరీక్ష ఆ తర్వాత. అక్కడ ఒక ఆచారం ఉంది. పెద్ద పాట గెలిచినవాళ్లకు పడవ మనుషులు ఒక గ్లాసు సారా ఇస్తారు. ముందు ఒక చుక్క గంగమ్మకు వేసి, మిగతాది తాగాలి. కాదంటే పడవను అవమానించినట్టు. ఈ సంగతి మా నలుగురిలో ఒక్కరికీ ముందు తోచలేదు. గ్లాసు ఆవిడ చేతిలోకి వచ్చింది. తోటికోడలు గిల్లడానికి చేయి చాచి, మధ్యలో ఆపేసింది.

ఆవిడ గ్లాసును చాలాసేపు చూసింది. తర్వాత నీళ్ల దగ్గరికి నడిచి, కెరటం పాదాల దాకా వచ్చాక, గ్లాసంతా వంచేసింది.

"ఏటే! గంగమ్మకి సుక్క ఇస్తారు గానీ గళాసంతా ఇచ్చీస్తారా?" అని పడవ మనుషులు గోల.

"నా ఒట్టు మొయ్యలేక ఏడాది నుంచీ ఆమెకే ఒళ్లు నొప్పులు. తాగనీరా పాపం" అంది.

అటువంటి నైవేద్యాలు నా విశ్వాసానికి చెందినవి కావు. అందుకే ముఖం అటు తిప్పుకున్నాను. కానీ ఖాళీ గ్లాసు తిరిగి పడవ మీదికి వెళ్లిందని చూసుకున్నాక, పైకే స్తోత్రం అన్నాను.

ఆవిడ ఆ తర్వాత మళ్లీ పడలేదని చెబితే మీరు సంతోషిస్తారు. కానీ పడింది. అయితే చాలా ఆలస్యంగా పడింది, త్వరగా లేచింది, లేపడానికి పక్కన మనిషి ఉంది. పాట ఆవిడదే. ఆ పాడు వారంలో మాత్రం ఇద్దరు తోటికోడళ్లూ కలిసి పాడతారు. ఒకరు నోటితో, ఒకరు గోటితో.

పాట గెలిచిన తర్వాతి గురువారం ఆవిడ మళ్లీ వరండాలో చాప మీద ఉంది. నేను ప్రార్థన గదిలోకి వెళ్లి, కాసేపు నిలబడి, నా కుర్చీ తీసుకుని బయటికి వచ్చాను. పెద్దాయన కూడా తన కుర్చీ తెచ్చుకున్నారు. వరండాలో ముందు నుంచీ ఉన్న సుంకరులు సర్దుకుని కూర్చున్నారు. నేను ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఆవిడ మెడ చాచి గదిలోకి తొంగి చూసింది.

"అందరూ ఇక్కడికొచ్చీసినారు. మరి లోపల ఎవులున్నారు సిస్టరమ్మా?"

"ఎవరూ లేరు."

"దేవుడో?"

"ఆయన కూడా బయటికే వచ్చి ఉంటాడు."

ఆవిడ చాప మీద పక్కకు జరిగి, లారీ డ్రైవరు మోకాలి మీద ఒక్కటి వేసింది.

"జరగరా. ఆయనకి సోటియ్యి."